కువైట్ నుంచి తెచ్చిన కరెంటు పొయ్యి: గిన్నె ముట్టుకుంటే జిల్లుమంటోంది, ప్లగ్ మాడుతోంది. ఏం చేయాలి?

అమ్మా, మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు. ముందు ఆ పొయ్యి స్విచ్ ఆపి ప్లగ్ పీకి పక్కన పెట్టండి. ప్లగ్ వేడిగా ఉంటే దాన్ని ముట్టుకోకుండా బోర్డులో ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) దించేయండి. లైను సరిచేసేదాకా ఆ పొయ్యి మీద వంట వద్దు.

మీరు రాసిన సంగతి ఇది. కడపలో పాత ఇల్లు. మీ మరిది కువైట్ నుంచి నాలుగు ప్లేట్లు, కింద ఓవెన్ ఉన్న కరెంటు పొయ్యిని కార్గోలో వేయించారు. అది చాలా రోజులు మూలన పడి ఉంది. ఈ మధ్య తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకాయన దానికి 16 ఆంపియర్ల ప్లగ్ తగిలించి, ఫ్రిజ్ పక్కన సాకెట్‌కు కలిపారు. ఒక ప్లేటు వేస్తే బాగానే ఉంది. రెండోది కూడా వేస్తే ప్లగ్ వేడెక్కి మాడు వాసన వస్తోంది. స్టీలు గిన్నె ముట్టుకుంటే చేయి జిల్లుమంటోంది. చెప్పులు వేసుకుంటే జిల్లుమనడం లేదు కదా, అలా వాడుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. దీంతోపాటు ఇండక్షన్ స్టవ్ కూడా ఉందనీ, మీ అత్తగారు సంగటి ఈ కొత్త పొయ్యి మీదే చేస్తానంటున్నారనీ రాశారు.

చెప్పులు వేసుకుని వాడటం వద్దు. చెప్పులు వేసుకున్నప్పుడు కూడా ఆ గిన్నెలోకి కరెంటు వస్తూనే ఉంటుంది. మీ ఒంట్లోంచి నేలకు దారి దొరకలేదంతే. ఒక చేత్తో గిన్నె పట్టుకుని, రెండో చేత్తో కుళాయి తిప్పితే దారి దొరుకుతుంది. అప్పుడు కరెంటు రెండు చేతుల మధ్య, అంటే గుండె మీదుగా పోతుంది. నేను ఏళ్ల తరబడి ఈ వైరింగు, పొయ్యిల పనిలోనే ఉన్నాను. ఇలాంటి కేసుల్లో పొయ్యి కంటే దానికి కరెంటు వచ్చే దారిలోనే ఎక్కువ లోపాలు చూశాను. మీ ఇంట్లోనూ వైరు, సాకెట్టు, ఎర్తు మూడూ చూడాలి. వాటి తర్వాతే పొయ్యి.

జిల్లుమనడానికి రెండు కారణాలు కలిసి ఉండాలి. పొయ్యిలో ఎక్కడో కరెంటు దాని బయటి రేకులోకి కారుతోంది. ఆ కారిన కరెంటును నేలలోకి లాక్కుపోవాల్సిన ఎర్తు పనిచేయడం లేదు. కారడం అన్నది మీ పొయ్యి విషయంలో తేమ వల్ల అయ్యే అవకాశం బాగా ఉంది. ఈ ఇనుప ప్లేట్ల లోపల వేడి తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గట్టిగా దట్టించి ఉంటుంది. కరెంటును బయటికి రానివ్వకుండా ఆపేది ఆ పొడే. ఓడలో వచ్చి, వాడకుండా పడి ఉంటే అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఓవెన్ లోపలి రాడ్లదీ ఇదే కథ. ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో, చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. ఒక మెగాఓమ్ (పది లక్షల ఓములు) కన్నా తక్కువ వస్తే తేమ ఉన్నట్టో, ప్లేటు పాడైనట్టో లెక్క. తేమే అయితే, ఎర్తు సరిచేశాక ఒక్కో ప్లేటునూ తక్కువ సెట్టింగులో గిన్నె లేకుండా కొద్దిసేపు వేడి చేసి, చల్లారాక మళ్లీ కొలవాలి. రీడింగు పెరిగితే ఆరుతోందని అర్థం. పెరగకపోతే ఆ ప్లేటు మార్చాల్సిందే. ఈ పని ఎలక్ట్రీషియన్ దగ్గరుండి చేయాలి, మీరు చేయకండి.

ఎర్తు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, మన జిల్లాల్లో ఎక్కువగా దెబ్బతినేది అదే కాబట్టి. ఇల్లు కట్టినప్పుడు గొయ్యి తీసి, పైపు దించి, ఉప్పూ బొగ్గూ పోసి పూడుస్తారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఉప్పు కొన్నేళ్లకు పైపును తినేస్తుంది. ఇక కడప, అనంతపురం ఎండలకు నేల బీటలు వారేంత ఎండిపోతే, పైపు బాగున్నా ఎర్తు పనిచేయదు. తేమ లేని మట్టిలో కరెంటు పారదు. లెక్క చూడండి. ఎర్తు నిరోధం 5 ఓములు ఉంటే, రేకులోకి పూర్తి కరెంటు దిగినప్పుడు 230 వోల్టులకు 46 ఆంపియర్లు నేలలోకి పోతాయి. 16 ఆంపియర్ల ఎంసీబీ కొన్ని సెకన్లలో పడిపోతుంది. అదే నిరోధం ఎండకు 50 ఓములకు పెరిగితే పోయేది 4.6 ఆంపియర్లే. ఎంసీబీకి అది ఒక ఇస్త్రీపెట్టె వాడినట్టే, కాబట్టి పడదు. పొయ్యి రేకు అలాగే కరెంటుతో ఉంటుంది. ఎంసీబీ ఉంది కదా అన్న ధైర్యంతో ఉంటారు చాలామంది. అది షాక్ నుంచి కాపాడే వస్తువు కాదు, వైరు కాలిపోకుండా కాపాడేది.

షాక్ నుంచి కాపాడేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీఆంపియర్లది పెట్టించండి. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. ఆ తేడా 0.03 ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు లోపే లైను తెంపేస్తుంది. పైన చెప్పిన 4.6 ఆంపియర్లతో పోల్చి చూడండి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కాలి. నొక్కినా పడకపోతే ఆర్‌సీసీబీ మార్చేయాలి. ఈ పెట్టె పెట్టాక పదేపదే పడిపోతోందని కొందరు దాన్ని తప్పించి లైను కలిపిస్తారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. అది పడిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోందనే, దాన్ని వెతకాలి.

ఇంకొక ఘోరం ఉంది. ఎర్తు సరిగా లేని ఇళ్లలో కొందరు సాకెట్ లోపలే న్యూట్రల్‌నీ (కరెంటు తిరిగివెళ్లే వైరు) ఎర్తునీ చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. ప్రొద్దుటూరులో ఒక ఇంట్లో సాకెట్ విప్పితే ఆకుపచ్చ వైరు అసలు లేదు. ఎర్తు పిన్ను దగ్గర నుంచి బెత్తెడు నల్ల వైరు న్యూట్రల్‌కు వేసి ఉంది. టెస్టర్ పెట్టి చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందా, ఫ్రిజ్, పొయ్యి, గీజర్ అన్నిటి రేకుల మీదికీ ఫేజు, అంటే కరెంటు తెచ్చే వైరులోని కరెంటు, వచ్చేస్తుంది. అందుకే మీ ఇంట్లో పొయ్యి కలిపిన సాకెట్‌ను మీ కళ్లముందే విప్పి చూపించమని అడగండి. మల్టీమీటరుతో ఫేజుకీ ఎర్తుకీ మధ్య ఎంత వస్తోందో, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఎంత వస్తోందో కొలవమనండి. మొదటిది 230 దగ్గర్లో, రెండోది రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. రెండోది మరీ సున్నా చూపిస్తే సంతోషపడకుండా, ఆ వైరు ముక్క ఉందేమో వెతకమనండి. ఎర్తు గొయ్యికి కొత్త పైపు అవసరమైతే వేయించండి. ఎండాకాలమంతా అందులో వారానికి ఒకటి రెండుసార్లు బిందెడు నీళ్లు పోయండి.

ఇప్పుడు ప్లగ్ సంగతి. మీ పొయ్యి వెనకో, ఓవెన్ తలుపు అంచునో చిన్న రేకు అంటించి ఉంటుంది. దాని మీద మొత్తం వాట్లు రాసి ఉంటాయి. నాలుగు ప్లేట్లూ ఓవెనూ కలిపి 7,000 వాట్లు అనుకుందాం. 230తో భాగిస్తే 30 ఆంపియర్ల పైమాటే. 16 ఆంపియర్ల ప్లగ్‌తో అది నడవదు. పెద్ద ప్లేటు 2,000, ఇంకోటి 1,500 వేసినా 15 ఆంపియర్లు దాటుతోంది. దానికి తోడు ఫ్రిజ్ కూడా అదే లైను మీద ఉందంటున్నారు.

మరి ఎంసీబీ ఎందుకు పడలేదు అంటారా? 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్లను గంటసేపు కూడా ఓర్చుకుంటుంది, దాని తయారీయే అంత. పైగా సాకెట్ లోపల పిన్నును పట్టుకునే ఇత్తడి రేకులు వదులైతే, కరెంటు పరిమితిలో ఉన్నా ఆ అతుకు దగ్గర వేడి పుడుతుంది. అది ఎంసీబీకి తెలియదు. ఆ సాకెట్‌ను పరిశీలనగా చూడండి. ఒక రంధ్రం చుట్టూ గోధుమరంగు వలయం, ప్లాస్టిక్ కొంచెం ఉబ్బినట్టు ఉండటం, ప్లగ్ పిన్ను మీద నల్లటి మసి కనిపిస్తాయి. ఆ మసిని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వాడేవాళ్లున్నారు. ఒకసారి కాలిన రేకులో స్ప్రింగు బలం పోతుంది, అది మళ్లీ బిగియదు. సాకెట్టు, ప్లగ్గు రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని కూడా కాల్చేస్తుంది. మల్టీప్లగ్, ఎక్స్‌టెన్షన్ బాక్సుల మాట వంటింట్లో పొయ్యి దగ్గర అసలు ఎత్తకండి. ఇంటి ఇన్వర్టర్ లైనుకు కూడా ఈ పొయ్యినీ, ఇండక్షన్‌నీ కలపకూడదు.

మీ పొయ్యికి అసలు ప్లగ్ అక్కర్లేదు. మెయిన్ బోర్డు నుంచి దానికోసమే విడిగా 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 32 ఆంపియర్ల డబుల్ పోల్ (ఫేజునీ న్యూట్రల్‌నీ రెండింటినీ తెంపే) ఎంసీబీ, వంటింట్లో 32 ఆంపియర్ల డబుల్ పోల్ స్విచ్ వేయించి నేరుగా పొయ్యి టెర్మినల్‌కు కలపాలి. ఇది 7,000 వాట్ల లెక్క. మీ రేకు మీద అంతకన్నా ఎక్కువ ఉంటే వైరూ పెరగాలి. స్విచ్ పొయ్యి వెనక గోడకు వద్దు. మంటో, పొగో వచ్చినప్పుడు దాని మీదుగా చేయి చాపాల్సి వస్తుంది. పక్కగా, వంటింటి గుమ్మం వైపు పెట్టించండి.

పొయ్యి వెనక టెర్మినల్ పెట్టెలో ఇత్తడి పట్టీలు ఉంటాయి. సింగిల్ ఫేజుకు ఒకలాగా, త్రీ ఫేజుకు ఒకలాగా మార్చుకునేందుకు అవి. మూత లోపల బొమ్మ వేసి ఉంటుంది, ఎలక్ట్రీషియన్ దాన్ని చూసే కలపాలి. మీది త్రీ ఫేజు మీటరైతే న్యూట్రల్ మరింత గట్టిగా బిగించాలి. అది వదులైతే ప్లేట్లకు 230 వోల్టులు పోయి ఎక్కువా తక్కువా వస్తాయి, 415 దాకా పోయే ప్రమాదం ఉంది. ప్లేట్లు మాడిపోతాయి. కువైట్‌లోనూ 240 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి వోల్టేజీ విషయంలో ఆ పొయ్యికి ఇక్కడ ఇబ్బంది లేదు. అమెరికా నుంచి తెచ్చుకున్న పొయ్యిలైతే ఇలా కుదరదు, వాటి లైను పద్ధతే వేరు.

ఇంత లోడు కొత్తగా పెడుతున్నారు కాబట్టి మీ సర్వీసుకు ఎంత లోడు మంజూరై ఉందో ఒకసారి చూసుకోండి. ఏసీ, గీజర్, ఈ పొయ్యి ఒకేసారి పడితే స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు దగ్గరే అతుకు కాలుతుంది. మీ ప్రాంతపు కరెంటు సంస్థ ఎస్‌పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అదనపు లోడుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. స్తంభం దగ్గర నిప్పురవ్వలు కనిపిస్తే 1912కు ఫోన్ చేయండి, ఎవరినీ ఎక్కనివ్వకండి.

లైను ఇలా సరిచేశాక ఆ పొయ్యిని హాయిగా వాడుకోవచ్చు. గ్యాసుకు అలవాటు పడ్డ చేతులకు ముందు తెలియాల్సింది, ఈ ప్లేటు వేడెక్కినా రంగు మారదని. చల్లగా ఉన్నప్పుడూ నల్లగానే ఉంటుంది, చేయి కాలేంత వేడిలోనూ నల్లగానే ఉంటుంది. ఆపిన తర్వాత కూడా చాలాసేపు వేడి ఉంటుంది. పిల్లలున్న ఇల్లయితే ఆపిన ప్లేటు మీద నీళ్ల గిన్నె పెట్టి ఉంచండి, వాళ్లు చేయి పెట్టరు. ఈ వేడిని వాడుకోవచ్చు కూడా. అన్నం, పులగం దించే ముందు ఐదారు నిమిషాలుండగానే నాబ్ సున్నాకు తిప్పేస్తే మిగిలిన వేడికే ఉడుకుతాయి. 2,000 వాట్ల ప్లేటు పూర్తి వేడి మీద అరగంట కాలితే ఒక యూనిట్. బిల్లులో తేడా కనిపిస్తుంది.

గిన్నె అడుగు చదునుగా, ప్లేటంత వెడల్పుగా ఉండాలి. గుండ్రటి అడుగున్న బాణలి ఈ ప్లేటు మీద ఊగుతుంది. ఉగ్గానికి తోడుగా బజ్జీలు వేసేటప్పుడు నూనె బాణలి ఊగడమంత భయంకరమైనది ఇంకోటి లేదు, చదును అడుగున్నదే కొనుక్కోండి. ప్లేటు మీద గిన్నె లేకుండా ఎక్కువసేపు కాల్చకండి. కాలుతున్న ప్లేటు మీద నీళ్లు చల్లకండి, చీలిపోతుంది.

సంగటి విషయంలో మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. ఉడికించడం పొయ్యి మీదే చేయొచ్చు. గెలకడం మాత్రం గిన్నె కిందికి దించి, పీట వేసుకుని, కాళ్ల మధ్య గిన్నె అదిమిపట్టి చేయమనండి, పాత పద్ధతిలో. తెడ్డుతో బలంగా తిప్పేటప్పుడు గిన్నె జారితే కుతకుతలాడే పిండి మీద పడుతుంది. పొయ్యి కూడా కదులుతుంది. ఈ రకం పొయ్యిలు ముందుకు తూలుతాయి. ఓవెన్ తలుపు తెరిచి దాని మీద బరువు గిన్నె పెట్టినా, పిల్లవాడు తలుపు మీద ఎక్కినా మొత్తం ముందుకు పడిపోవచ్చు, పైన మరిగే సాంబారుతో సహా. వెనక గోడకు బిగించే కొక్కెం పొయ్యితోపాటే వచ్చి ఉంటుంది, తప్పక బిగించండి. ఇండక్షన్ స్టవ్ మీదయితే సంగటి గెలకడం అస్సలు వద్దు, గాజు పగులుతుంది. పగిలిన గాజు స్టవ్‌ను టేపు వేసి వాడేవాళ్లను చూశాను. పొంగిన పాలు ఆ చీలికలోంచి దిగి నేరుగా కరెంటు కాయిల్‌ను తాకుతాయి. వెంట్రుకవాసి చీలిక కనిపించినా వాడటం ఆపేయండి.

మన ఇళ్లలో కడప బండలు పరిచిన నేలను బకెట్లతో నీళ్లు పోసి చీపురుతో కడుగుతాం. పొయ్యి ఉన్న చోట ఆ పని మానేయండి. కొన్ని పొయ్యిలకు టెర్మినల్ పెట్టె వెనక కింది భాగంలో, నేలకు జానెడు ఎత్తులోనే ఉంటుంది. నీళ్లు ఎగిరి అందులో పడితే మళ్లీ జిల్లుమనడం మొదలు. ఆ మూల తడిగుడ్డతో తుడిస్తే చాలు. బండలు ఎగుడుదిగుడుగా ఉంటే పొయ్యి కాళ్లకున్న మరలు తిప్పి సమం చేసుకోండి.

శుభ్రం చేసేటప్పుడు స్విచ్ ఆపి, చల్లారాక, పిండిన గుడ్డతో తుడవండి. ఇనుప ప్లేటుకు తడి మిగిలితే తుప్పు పడుతుంది. తుడిచాక రెండు నిమిషాలు వేడి చేసి, ఆరాక వంటనూనె చుక్క వేసి గుడ్డతో పల్చగా రాయండి. నాబుల చుట్టూ నీళ్లు పోయకండి. ఓవెన్ అడుగున అల్యూమినియం రేకు పరచకండి, కింది రాడ్డు వేడి బయటికి పోలేక అడుగు ఎనామెల్ పగులుతుంది. ఇండక్షన్ గాజు మీద ఓళిగల పూర్ణమో బెల్లం పాకమో పడితే ఆలస్యం చేయకండి. స్టవ్ ఆపి, అది గోరువెచ్చగా ఉండగానే చెక్క గరిటె అంచుతో గీకేయండి. గట్టిపడితే గాజును అంటుకుపోయి గుంటలు పడతాయి.

ఇండక్షన్ ఆపగానే గోడ స్విచ్ తీయకండి, లోపలి ఫ్యాను ఆగేదాకా ఉంచండి. దాని కింద న్యూస్ పేపరు, ప్లాస్టిక్ షీటు పరచకండి. గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి. ఆ రంధ్రాల్లోంచే బొద్దింకలు దూరి బోర్డు మీద షార్ట్ చేస్తాయి. నా దగ్గరికి వచ్చే కాలిపోయిన ఇండక్షన్ బోర్డుల్లో ఈ కేసులు బోలెడు. రాత్రి ప్లగ్ తీసి, తుడిచి, గోడకు నిలబెట్టేస్తే సగం బాధ తప్పుతుంది. ఇంట్లో ఎవరికైనా గుండెకు పేస్‌మేకర్ ఉంటే ఇండక్షన్‌కు కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఇనుప ప్లేట్ల పొయ్యితో ఆ ఇబ్బంది లేదు.

ఎండాకాలంలో వంట మధ్యలో కరెంటు పోతుంటుంది కదా. పోయిన వెంటనే అన్ని నాబులూ సున్నాకు తిప్పండి. అలాగే వదిలేసి పక్కింటికి వెళ్తే, కరెంటు వచ్చాక ఖాళీ ఇంట్లో పొయ్యి మండుతూ ఉంటుంది. నూనె పొగలు కక్కుతుంటే నాబ్ ఆపితే చాలదు, ప్లేటు వేడి తగ్గదు. గిన్నెను జాగ్రత్తగా పక్క ప్లేటు మీదికి జరపాలి. నూనె అంటుకుంటే మాత్రం గిన్నెను కదపకండి. గోడ స్విచ్ ఆపి, పెద్ద మూత పక్క నుంచి జరిపి కప్పి, అలాగే వదిలేయండి. నీళ్లు పోయొద్దు. అదుపు తప్పితే బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి. చేయి కాలితే పేస్టూ, ఇంకూ పూయకుండా కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. ఎవరికైనా షాక్ కొట్టి పొయ్యిని వదల్లేకపోతుంటే వాళ్లను ముట్టుకోకుండా మెయిన్ దించి, 108కి ఫోన్ చేయండి.

పొయ్యి రేకు మీద ఉన్న వాట్లు, మీ మీటరు సింగిల్ ఫేజా త్రీ ఫేజా, బోర్డు నుంచి వంటింటికి ఎన్ని అడుగుల దూరమో రాయండి. వైరు సైజు సరిగ్గా లెక్కగట్టి చెప్తాను. ఎలక్ట్రీషియన్ మెగ్గర్ లేకుండా వస్తే ఇంకొకరిని పిలిపించండి.